శుక్రవారం ప్రయాణం, శనివారం వీసా

2024లో, ఆక్లాండ్‌లో చలి మొదలైన రోజుల్లో జరిగిన సంగతి ఇది. సిటీ సెంటర్‌లో, ఒక బబుల్ టీ కొట్టు పైన నాకో చిన్న ట్రావెల్ ఆఫీసు ఉంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, పనిచేసే హీటర్ ఒకటి, పనిచేయనిది ఒకటి. పనిచేయని దాని గురించి బిల్డింగ్ మేనేజర్‌కు ఇప్పటికీ రాస్తూనే ఉన్నాను. టికెట్లు ఎవరికి వాళ్లు ఫోన్‌లో కొనుక్కునే కాలంలో నా దగ్గరకు వచ్చేవాళ్లు ఎక్కువగా వీసా కోసమే వస్తారు. అందులోనూ షెంగెన్ వీసా. యూరప్‌లో చాలా దేశాలు కలిసి పెట్టుకున్న అనుమతి అది. ఒక దేశం ఇస్తే మిగతావాటిలోనూ తిరగవచ్చు. న్యూజీలాండ్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు చూడ్డానికి వెళ్లి రావడానికి అది అక్కర్లేదు. ఇక్కడ ఎన్నేళ్లున్నా చేతిలో ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంటే మాత్రం కావలసిందే.

సుభద్రగారి దగ్గర ఉన్నది ఇండియన్ పాస్‌పోర్టే. ఆవిడ నాకు కొత్త కాదు. కొన్నేళ్ల క్రితం ఉగాది వేడుకలో, పులిహోర వరుసలో నా వెనక నిలబడి ఎవరికో నన్ను పరిచయం చేస్తూ, "ఈవిడ టికెట్లు బుక్ చేస్తారు. యాప్‌లు వచ్చాక పాపం పని తక్కువేలెండి" అన్నారు. ఆ 'పాపం' నాకు గుర్తుంది. మరుసటి ఏడాది ఇండియా ప్రయాణానికి ఏ విమానం మంచిది, ఎక్కడ ఆగితే సుఖం అని నాచేత అన్నీ చెప్పించుకుని, టికెట్లు మాత్రం వేరే చోట కొన్నారు. అదీ గుర్తుంది.

అలాంటి ఆవిడ ఒక ఉదయం తడిసిన గొడుగుతో నా ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. కూతురు మాధురి నెదర్లాండ్స్‌లో ఉంటోంది. ఎనిమిదో నెల.

"మీరే చూడాలి ఉమగారూ. దానికి అక్కడ ఎవరూ లేరు. అల్లుడు ఉన్నాడనుకోండి, అయినా బాలింత పనులు అతనికేం తెలుస్తాయి?"

"యాప్‌లో చూడలేదా అండీ?" అన్నాను.

"చూశాను. ఏడుపొచ్చింది."

పనిచేసే హీటర్ దగ్గరకు ఆవిడ కుర్చీ జరిపాను. ఆవిడకు చెప్పలేదు గానీ, నేను ఈ వృత్తిలోకి రావడానికి కారణం అలాంటి ఏడుపే. ఇక్కడ నా మొదటి కాన్పుకి మా అమ్మ రావాలి. ఇండియాలోని ఏజెంటు అమ్మ కాగితాల్లో తేదీలు తప్పు వేశాడు, వీసా రాలేదు. నేను ఫోన్ చేసి అడిగితే, "ఇంకోసారి వేద్దాం లెండి మేడమ్" అన్నాడు. మొదటి కాన్పు ఇంకోసారి రాదని అతనికి తట్టలేదు. అతని పేరు, ఊరు, ఆ గొంతు అన్నీ నాకు ఇవాళ్టికీ గుర్తున్నాయి. రాస్తే బాగుండదని రాయడం లేదు.

సుభద్రగారి ఫైలు నేను కసిగా తయారుచేశాను. కూతురి ఆహ్వానం, ఇక్కడి ఉద్యోగం రుజువు, ఇక్కడికి తిరిగి వచ్చే హక్కు ఉందని చూపే రెసిడెంట్ వీసా, ఆసుపత్రి ఖర్చులకు సరిపడే ట్రావెల్ ఇన్సూరెన్స్, రానూపోనూ బుకింగ్. వేలిముద్రలు ఇచ్చే రోజు ఏ గాజులు వేసుకోవాలని అడిగారు. ఏవైనా ఫరవాలేదన్నాను.

వీసా వచ్చింది. వీసా స్టిక్కర్ మీద రెండు తేదీలుంటాయి: ఏ రోజు నుంచి, ఏ రోజు వరకు. దీన్నే మేము వ్యాలిడిటీ అంటాం. మనం చూపించిన ప్రయాణాన్ని బట్టే మొదటి తేదీ వేస్తారు. శుక్రవారం సాయంత్రం ఆక్లాండ్‌లో ఎక్కి శనివారం అక్కడ దిగేలా బుక్ చేశాను కాబట్టి వీసా శనివారం నుంచి మొదలవుతుంది. మాధురిని సోమవారం ఆసుపత్రిలో చేర్చుకుంటామన్నారు. అన్నీ సరిపోయాయి. సుభద్రగారు థాంక్స్ కూడా చెప్పారు, అది నేను మర్చిపోలేదు.

ఆ వారంలో గురువారం ఉదయం ఆఫీసుకు రాగానే ఎయిర్‌లైన్ నుంచి ఒక మెయిల్ చూశాను. ప్రయాణికురాలు తన ప్రయాణం మార్చుకున్నారు. శుక్రవారం బదులు ఈ సాయంత్రమే. వెంటనే ఫోన్ చేశాను.

"అవునండీ, యాప్‌లో నేనే మార్చుకున్నాను. భలే తేలిగ్గా అయిపోయింది. మీకెందుకు శ్రమ అని" అన్నారు సంతోషంగా.

"శుక్రవారం దిగుతారు సుభద్రగారూ. మీ వీసా శనివారం మొదలవుతుంది."

"ఒక్కరోజే కదా. కూతురి కాన్పు అని చెబితే వినరా?"

"వినడానికి అక్కడిదాకా ఎవరు వెళ్లనిస్తారు? ఇక్కడ చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. ఎలాగో దిగినా వచ్చిన విమానంలోనే తిప్పి పంపుతారు. అసలెందుకు మార్చారు?"

 ఆవిడ నెమ్మదిగా చెప్పారు. పంతులుగారికి వాట్సాప్‌లో అడిగితే శుక్రవారం పడమరకు వారశూల, ఆ దిక్కుకు ప్రయాణం కూడదు అన్నారట. ఆదివారమూ అంతే. శనివారం విమానం లేదు.

"ఈ కాలంలో శూల ఏమిటని నవ్వుతారని మీకు చెప్పలేదు. కానీ ఉమగారూ, మాధురి వెల్లింగ్టన్‌లో ఉన్నప్పుడు ఒకసారి నెల తప్పింది. చూడ్డానికి శుక్రవారం బయల్దేరాను. నేను చేరేసరికి నిలవలేదు. ఇప్పుడు మళ్లీ శుక్రవారమే గడప దాటమంటే నా కాళ్లు రావండీ."

నాకు నవ్వు రాలేదు. నిబంధనను ఎవరూ జరపలేరు, ఆవిడ భయాన్ని నేను జరపలేను. రెండింటి మధ్యా ఆసుపత్రి పక్క ఎక్కబోయే ఒక పిల్ల ఉంది. ఫోన్ పట్టుకుని కిటికీలోంచి బస్సుల్ని చూస్తుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. మంచిరోజు దొరకనప్పుడు ఆవిడ ముందురోజే మంచి వేళ చూసి ప్రయాణం మూట ఎదురింట్లో పెట్టించేది. మర్నాడు దాన్ని తీసుకుని రైలెక్కేది. ప్రయాణం మూటతోనే మొదలైనట్టు లెక్క.

"ప్రస్థానం పెట్టండి" అన్నాను. "ఇవాళ గురువారమే మీ పెట్టె గడప దాటించండి. రేపు విమానం ఎక్కండి."

"అరె" అన్నారు ఆవిడ. "మా అత్తగారు పెట్టించేవారు. నాకు తట్టనే లేదు. ఎవరింట్లో పెట్టనూ? చుట్టుపక్కలంతా న్యూజీలాండ్ వాళ్లే, కివీలు. పెట్టె వదిలి వెళ్తే బాంబు అనుకుంటారు."

నా ఇల్లు పాపటోయ్‌టోయ్‌లో. ఎయిర్‌పోర్టుకు దగ్గర. అక్కడే పెట్టండన్న మాట నా నోటివెంట ఎలా వచ్చిందో వచ్చింది. ముందు శుక్రవారం సీటు తిరిగి పట్టాను. దొరికిందని తెరమీద చూశాకే కుర్చీలోంచి లేచాను.

మధ్యాహ్నం రాహుకాలం పోయాక సుభద్రగారు, వాళ్లాయన పెట్టెతో మా ఇంటికి వచ్చారు. పెట్టె హ్యాండిల్‌కు పసుపు రాసి ఉంది. ఎత్తబోతే బరువు. కస్టమ్స్ సంగతి అడగాల్సిన వేళ అది.

"ఇందులో తినేవి ఏమున్నాయి?"

"నెయ్యి. ఇక్కడి వెన్న కాచి చేశాను, ఇంత మంచి వెన్న ఇంకెక్కడ దొరుకుతుంది? పాలకోవా. పెరట్లో కోసిన కరివేపాకు."

"మూడూ కుదరవు. బయటి దేశాల నుంచి పాలతో చేసినవి, మాంసం తీసుకురానివ్వరు. పచ్చి ఆకులకు సర్టిఫికెట్ కావాలి."

"మన న్యూజీలాండ్‌లోనైతే చెప్పులకంటిన మట్టి కూడా చూపించమంటారు. అక్కడ అంత పట్టింపు ఉండదేమో అనుకున్నాను."

పెట్టె మళ్లీ ఇంటికి తీసుకెళ్తే ప్రస్థానం చెడుతుంది. అందుకని మా హాల్లోనే, కార్పెట్ మీద ఇద్దరం చెరోపక్క కూర్చుని విప్పాం. నెయ్యి డబ్బా, కోవా, కరివేపాకు ఒక్కొక్కటిగా నా వంటింట్లోకి చేరాయి. శొంఠిపొడి, బాలింత కారం ఉండనిచ్చాను; ఏమిటని అడిగితే చెప్పేలా వాటిమీద పేర్లు రాసిపెట్టాను. వెన్న అక్కడే కొని కాచుకోవచ్చని చెబితే, అయిష్టంగా తల ఊపారు.

అడుగున మెత్తటి గుడ్డలున్నాయి. పాత చీర ముక్కలు, ఉతికి ఉతికి రంగు వెలిసి, అంచులు కుట్టి ఉన్నాయి.

"పొత్తిళ్లకు. మాధురి పుట్టినప్పుడు నేను కట్టుకున్న చీర" అన్నారు. "ఇవీ ఆపుతారా?"

"ఆపరు" అన్నాను. వాటిని తీసి, దులిపి, మళ్లీ మడతపెట్టాను. మామూలుకంటే ఎక్కువసేపు పట్టింది నాకు.

వాళ్లాయన బయల్దేరబోతుంటే సుభద్రగారు లేవలేదు. "పెట్టెతోపాటు నేనూ ఇక్కడే ఉండిపోనా ఉమగారూ? అప్పుడు నేనూ గురువారమే గడప దాటినట్టవుతుంది."

ఉండమన్నాను. మా చిన్న గదిలో పక్క వేసి, ఒక ఉన్ని దుప్పటి తీసి ఇచ్చాను. మా అమ్మ వస్తుందని కొన్నది. అమ్మ ఆ తర్వాత కూడా రాలేకపోయింది. దుప్పటి ఎవరికోసం కొన్నానో సుభద్రగారు అడిగారు, చెప్పాను.  రాత్రి భోజనంలో తన నెయ్యి డబ్బా మూత తీసి, నా అన్నంలో తనే వడ్డించారు. "బాలింతకు పెట్టాల్సింది. మీరూ ఒకప్పుడు బాలింతే కదా" అన్నారు.

శుక్రవారం సాయంత్రం చెక్-ఇన్ కౌంటర్ దగ్గర నేనూ నిలబడ్డాను. కౌంటర్‌లోని అమ్మాయి వీసా పేజీ తిప్పి, తేదీ చూసి, తన తెర చూసి, మళ్లీ తేదీ చూసింది. బోర్డింగ్ పాస్ ఇచ్చింది. సుభద్రగారు వెనక్కి చూడకుండా వెళ్లిపోయారు. ప్రయాణంలో వెనక్కి చూడకూడదని ఆవిడ నమ్మకం. నేను నొచ్చుకోలేదు.

ఈ కేసు నుంచి నేర్చుకున్నది నా పనిలో చేర్చుకున్నాను. మనవాళ్లెవరు వచ్చినా ఇప్పుడు పాస్‌పోర్ట్ కంటే ముందు అడిగేది ఒక్కటే: "పంచాంగం చూపించారా?" కొందరు నవ్వుతారు, చాలామంది నిజం చెబుతారు. ముందే చెబితే ఆ రోజును బట్టే వీసా అడగవచ్చు. వీసా వచ్చాక అదే మాట చెబితే చేయగలిగేది చాలా తక్కువ.

ఆ తర్వాత సుభద్రగారు తిరుగు ప్రయాణం తేదీ యాప్‌లోనే మార్చుకున్నారు, నాకు ఒక్క మాటైనా చెప్పలేదు. వీసా రెండో తేదీ దాటలేదు కాబట్టి సరిపోయింది. అది కూడా గుర్తుపెట్టుకున్నాను. కానీ అంతకుముందు, ఆవిడ వెళ్లిన తర్వాతి మంగళవారం, నా ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. ఆసుపత్రి పక్కమీద గుప్పెడంత ఆడపిల్ల, నిద్రపోతోంది. చుట్టూ వెలిసిన చీర గుడ్డ. దానిమీద అడ్డంగా ఒక మడత గీత ఇంకా పోలేదు. ఆ మడత నేను పెట్టింది.