ఉర్సులక్క పెరట్లో సీడర్ మొక్క

కెనడాలో ఆదివాసులకి కేటాయించిన మా రిజర్వులో ఉర్సులా గ్లోడ్ నోటికి జడవని మనిషి లేడు. ఆమె తుమ్మితే పక్క ఊళ్లో కుక్కలు మొరుగుతాయి. జీవితమంతా చేపలు కోసింది, ఇద్దరు మొగుళ్లని సాగనంపింది, ఎవరి ముందూ తల వంచలేదు. అలాంటి మనిషిని ఒక మొక్క ఏడిపించింది.

మా మిక్మాక్ తెగ వాళ్లకి సీడర్, అంటే దేవదారు లాంటి చెట్టు, లేనిదే ఏదీ జరగదు. దగ్గొస్తే ఆ ఆకు కాచుకుని తాగుతాం, శవం దగ్గర ఆ పొగే వేస్తాం, కాల్చిన రాళ్ల ఆవిరిలో కూర్చుని ప్రార్థించే చెమట గుడిసెలో నేలంతా ఆ కొమ్మలే పరుస్తాం. కానీ మా నోవాస్కోషియాలో దానికోసం తిరిగితే చెప్పులరుగుతాయి గానీ చెట్టు కనపడదు. ఉర్సులక్క పక్క రాష్ట్రం న్యూబ్రన్స్‌విక్ నుంచి మొక్కలు తెచ్చి నాటితే రెండుసార్లు జింకలు మేసేశాయి. మూడోది బతికి ఆమె భుజం దాకా వచ్చింది. దానిచుట్టూ చేపల వల కట్టి, కన్నకూతుర్ని కూడా దగ్గరికి రానిచ్చేది కాదు.

చెమట గుడిసె నడిపే లీవై ఆమెకి చిన్నాన్న కొడుకు. కనపడినప్పుడల్లా అడిగేవాడు.

"అక్కా, ఒక్క మోపెడు కొమ్మలు."

"నీ జుట్టు కోసి పరుచుకోరా."

ఒకరోజు ఊరి హాల్లో, పిలిచిన అంకెలు కాగితం మీద కొట్టేసే బింగో ఆటలో అక్కకి ఇంకొక్క అంకె పడితే గెలుపే. కళ్లు కాగితం మీదే ఉన్నాయి. లీవై మెల్లగా పొగాకు సంచి చాచాడు. అసలే పొగ పిచ్చి, చూడకుండా అందుకుని ఒళ్లో వేసుకుంది. హాలంతా ఇటు తిరిగింది. మాలో పొగాకు చేత్తో తీసుకుంటే అడిగిన పని ఒప్పుకున్నట్టే, తిరిగివ్వడం ఉండదు.

"అందరూ చూశారుగా! సీడర్ కోసమే ఇచ్చాను" అన్నాడు లీవై.

"దొంగ సచ్చినోడా! సిగరెట్టుకనుకున్నాన్రా!"

ఈ గోలలో ఆమె అంకె పిలిచారు, అదీ వినపడలేదు.

మర్నాడు సాయంత్రం వల విప్పి, మొక్క మొదలు దగ్గర కానుకగా పొగాకు పెట్టి, దానితో ఏదో గొణిగి, వేలెడు రెమ్మ తుంచి ఇచ్చింది.

"ఇదేంటక్కా? గుడిసెలో అంతమంది కూర్చోవాలి!"

"వంతులేసుకుని కూర్చోండి. అది ఇవ్వగలిగింది అంతే."

"మోసం!"

"బింగోలో నువ్వు చేసిందేంట్రా, పూజా?"

వాళ్ల అరుపులకి సముద్రంలో చేపలు లోతుకి పారిపోయి ఉంటాయి. అక్క విసురుగా లోపలికెళ్లి తలుపేసుకుంది. లీవై విసురుగా ఇంటికెళ్లాడు. వల సంగతి ఇద్దరికీ గుర్తులేదు. పక్కింట్లో గోడకి చెవి పెట్టిన నాకూ గుర్తులేదు.

తెల్లారేసరికి జింకలు పనికానిచ్చాయి. చీపురు కర్రంత మోడు, దానికి ఒక్క ఆకు లేదు.

లీవై వచ్చి చూశాడు. అక్క అతన్ని తిట్టలేదు, జింకల్నీ తిట్టలేదు. ఆమె తిట్టకపోవడం నేను పుట్టాక చూడలేదు. వల తీసుకుని ఆ మోడు చుట్టూ కట్టడం మొదలెట్టింది.

"ఇప్పుడెందుకక్కా? అది చచ్చిపోయింది."

"నువ్వేమన్నా వైద్యుడివా? ఆ కొస పట్టుకో."

పట్టుకున్నాడు. ఆమె ముడి వేసింది, ఊడిపోయింది. కళ్లు తుడుచుకుని మళ్లీ వేసింది, మళ్లీ ఊడింది.