ఖాళీగా వచ్చిన డబ్బా

లీడ్స్‌లో ఎం.ఏ. చదివిన ఏడాది నా పక్క గదిలో ఒక జపాన్ అమ్మాయి ఉండేది. నాకన్నా నాలుగేళ్లు పెద్ద. వాళ్ల దేశంలో అప్పటికే ఆమె రాసిన రెండు కథల పుస్తకాలు వచ్చాయట. ఆ సంగతి లెక్చరర్ క్లాసులో చెబితే తల దించుకుంది. అందుకే నాకు నచ్చింది.

నవంబరు నుంచి క్లాసులకి రావడం తగ్గించింది. ఇక్కడికొచ్చాక ఒక్క వాక్యం కూడా రాయలేకపోతున్నానని ఒకసారి కిచెన్‌లో మెల్లగా చెప్పింది. తర్వాత కిచెన్‌కి రావడమూ మానేసింది. తింటోందో లేదో తెలిసేది కాదు. తలుపు తట్టి అడిగే ధైర్యం నాకెక్కడిది? పప్పన్నం కలిపి, డబ్బాలో సర్ది, ఆమె గుమ్మం ముందు పెట్టి వచ్చేసేదాన్ని.

మర్నాటికి శుభ్రంగా కడిగిన డబ్బా నా తలుపు దగ్గర ఉండేది. లోపల రెండు బియ్యప్పిండి బిస్కెట్లో, ఒక టీ బ్యాగో. మా వైపు కూడా పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగివ్వరు, కాస్త పంచదారైనా వేసిస్తారు. వాళ్ల దేశంలోనూ గిన్నె ఖాళీగా ఇవ్వరని ఒకసారి డబ్బాలో చీటీ రాసి పెట్టింది. దాన్ని డైరీలో అంటించుకున్నాను.

ఫిబ్రవరిలో ఒకరోజు డబ్బా ఖాళీగా వచ్చింది. మర్నాడూ అంతే. మొహం మీద కొట్టినట్టయింది. ఇక పెట్టొద్దని చెబుతోందనుకున్నాను. అమ్మకి ఫోన్ చేస్తే నవ్వింది.

"ఆవకాయ గానీ కలిపి పెట్టావా ఏంటే? ఇష్టం లేనివాళ్ల వెంటపడతావెందుకు, మానెయ్."

మానేశాను. డైరీలో ఒక పేజీ నిండా నాకు జరిగిన అవమానమే రాసుకున్నాను. ఆమె గురించి ఒక్క ముక్క లేదు.

నేను మానేసిన తొమ్మిదో రోజు హాస్టల్ వాళ్లు తమ దగ్గరున్న తాళంతో ఆ తలుపు తీశారు. అంబులెన్సు వచ్చింది. ఆమె లేచి నిలబడలేకపోయింది. బతికింది. తెరిచి ఉన్న గదిలోకి తొంగిచూశాను. బల్ల మీద, అలమరలో, ఎక్కడా తినేది ఏమీ లేదు. డబ్బాలో వేసివ్వడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు.

వారం తర్వాత వాళ్ల అన్నయ్య సామాను సర్దడానికి వచ్చాడు. చదువు ఇక చాలని, ఇంటికి తీసుకెళ్లిపోతున్నామని చెప్పాడు. పుస్తకాలు అట్టపెట్టెలో పేరుస్తూ, సాయానికి వెళ్లిన నన్ను తడుముకుంటూ ఇంగ్లీషులో అడిగాడు.

"ఇక్కడెవరో మా చెల్లికి అన్నం పెట్టేవారట. ఏదో ఖాళీగా తిరిగిచ్చిందట, తప్పయిందని చెప్పమంది. వాళ్లెవరో మీకు తెలుసా?"

నేనేనని నోటిదాకా వచ్చింది.

తెలీదన్నాను. ఆయన టేపు అంటించేదాకా పెట్టె మూత అదిమి పట్టుకున్నాను.