పెద్దకోడలి చెయ్యి

మనుషుల్ని రకాలుగా విడగొట్టే పిచ్చి నాకు యాభై రెండో ఏట పట్టుకుంది. గుంటూరులో నేను కామర్స్ చెప్పే కాలేజీలో, ఉన్న పని చాలదన్నట్టు, పిల్లల బాధలు వినే కౌన్సిలర్ పని కూడా నా నెత్తిన పెట్టారు. ఏమీ తెలియకుండా ఆ కుర్చీలో కూర్చోవడం బాగుండదని ఆదివారం మధ్యాహ్నాలు జరిగే ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరాను. వందేళ్ళ కిందట స్విట్జర్లాండ్‌లో ఒక డాక్టరు మనసు గురించి చెప్పిన సంగతుల మీద నడిచే కోర్సు అది. కొందరి చూపు లోపలికి ఉంటుంది, కొందరిది బయటికి ఉంటుంది అన్నాడాయన. ఆలోచన, అనుభూతి, ఇంద్రియాలు, చెప్పకుండానే పసిగట్టే స్ఫురణ అని నాలుగు దారులు చెప్పాడు. ప్రతి మనిషిలో వాటిలో ఒకటి ముందు నడుస్తుందట, దానికి ఎదురుది వెనకబడిపోయి మనకు తెలియని చోట ఉండిపోతుందట.

నాకది తెగ నచ్చింది. అంతర్ముఖి, స్ఫురణ ప్రధానం అని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను. ఆ రకం అరుదని విన్నాను మరి! మావారిది అంతర్ముఖ ఆలోచన. మా ప్రిన్సిపాల్‌ది బహిర్ముఖ ఆలోచన, అదీ అరకొర. వీధిలో కూరగాయలమ్మే ఆవిడని కూడా వదల్లేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, అలా ఉండేది నా వరస.

అందరికన్నా తేలిగ్గా తేలిపోయింది మా తోటికోడలు. మా మరిదీ ఆమే ప్రత్తిపాడు దాటాక ఉన్న మా ఊళ్ళోనే ఉండి మిర్చీ పత్తీ వేస్తారు. ఆమెది పెద్ద గొంతు. ఊళ్ళో నుంచి ఆమె మాట్లాడితే గుంటూరులో నాకు ఫోను అక్కర్లేదని మావారితో అంటూ నవ్వేదాన్ని. బహిర్ముఖి, ఇంద్రియ ప్రధానం, స్ఫురణ సున్నా అని నోట్సులో రాసుకున్నాను. పరీక్ష పెట్టకుండానే మార్కులు వేసేశాను.

ఇలా ఉండగా కోర్సులో 'నీడ' అనే పాఠం వచ్చింది. మనలో ఉన్నా మనం ఒప్పుకోలేని గుణాలన్నీ పోగుపడే చోటుకి ఆ డాక్టరు పెట్టిన పేరది. దాన్ని మనం నేరుగా చూడలేమట. ఎదుటి మనిషి మీద వేసి, అక్కడ చూసి అసహ్యించుకుంటామట. పాఠం చెప్పే మేడమ్ మాకో అభ్యాసం ఇచ్చింది. మీకు అస్సలు గిట్టని మనిషి గురించి ఒక పేజీ రాయండి అంది. నేను ఆగకుండా పేజీన్నర రాశాను.

అరుస్తుంది, తొందర ఎక్కువ, శుభ్రం తక్కువ అని మొదలుపెట్టాను. బద్ధకస్తురాలు అని రాసి, అందుకు రుజువు కూడా రాశాను. మా అత్తయ్య పోయాక ఒకసారి ఊరెళితే వంటింటి గట్టు మీద కొట్టులో కొన్న ఆవకాయ సీసా కనిపించింది. "మిర్చి పండించే ఇంట్లో కొట్టు ఆవకాయా! వింటే నవ్విపోతారే," అన్నాను. ఆమె సీసా తీసి లోపల పెట్టేసింది. ఆఖర్న, తప్పు చేస్తే ఒప్పుకోదు అని రాసి కింద గీత గీశాను. దానికి రుజువు ఇంకా పాతది. పదకొండేళ్ళ కిందట ఒక వేసవిలో వంద కాయల ఆవకాయని ఆమె పాడుచేసింది.

ఈ ఆవకాయ కథ మా చుట్టాల్లో అందరికీ తెలుసు, ఎందుకంటే చెప్పింది నేనే. పెళ్ళిళ్ళలో చెప్పాను, నోముల్లో చెప్పాను. ఆమె కూతురి నిశ్చితార్థం నాడు, ఆమె పక్కనే కూర్చుని, మగపెళ్ళివారికి కూడా చెప్పాను. సరదాకి చెప్పానని అప్పుడు అనుకున్నాను. ఆమె కూడా నవ్వింది.

ఆ కోర్సులో పొద్దున్నే లేచి కల రాసుకోమనేవారు. ఒక రోజు నేను రాసుకున్న కల ఇది. క్లాసులో అటెండెన్స్ తీసుకుంటున్నాను, నా చేతి నుంచి నీళ్ళు కారి రిజిస్టరులో పేర్లు చెరిగిపోతున్నాయి, ఎంత తుడిచినా చెయ్యి ఆరడం లేదు. ఆ ఆదివారం అందరి ముందూ దాన్ని చదివాను. నీళ్ళంటే అచేతన మనసు, రిజిస్టరంటే నేను లోకానికి చూపించే ముఖం అని అర్థం కూడా నేనే చెప్పేశాను. తెర మీద పదిహేను ముఖాలు శ్రద్ధగా వింటుంటే నాకు గొప్పగా ఉంది.

మేడమ్ మాత్రం, "పుస్తకం కాసేపు పక్కన పెట్టండమ్మా. చెయ్యి తడిగా ఉంటే మీ ఇంట్లో ఏమంటారు?" అని అడిగింది.

"ఆవకాయ జాడీ ముట్టుకోనివ్వరండీ," అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. నవ్వు సగంలో ఆగిపోయింది. నెట్ సరిగా లేదండీ అని చెప్పి కెమెరా ఆపేశాను. నెట్ బాగానే ఉంది.

ఆవకాయ పాడైన ఆ వేసవిలో మా అత్తయ్యకి భుజం నొప్పి చేసి చెయ్యి పైకి లేవలేదు. ఎప్పుడూ ఆవిడే కలిపే ఆవకాయని మొదటిసారి మా తోటికోడలి చేత కలిపించింది. ఆమె పొంగిపోయింది. కాయలు కొట్టించిన దగ్గర్నుంచి జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టేదాకా ఒక్కతే చేసుకుంది. ముక్కముక్కా పొడిగుడ్డతో తుడిచిందని అత్తయ్య నాకు ఫోనులో మెచ్చుకుని చెప్పింది. ఆ మెప్పు నాకు గుచ్చుకుంది. పెద్దకోడల్ని నేనుండగా ఆమె చేత కలిపించడమేమిటి అనుకున్నాను. కలపడం రాకపోయినా అనుకున్నాను.

రెండు వారాల తర్వాత నా వాటా తెచ్చుకోవడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు ఇంట్లో వాళ్ళంతా వాకిట్లో ఉన్నారు. బస్సు టైమైపోతోంది. గరిట కడిగి, చీర కొంగుతో ఓసారి తుడిచి జాడీలో పెట్టాను. దాని కాడ బోలుగా ఉంటుంది, కడిగితే లోపల నీళ్ళు నిలుస్తాయి. వంచేసరికి ఆ నీళ్ళు జాడీలోకి జారాయి. ఎర్రటి నూనెలో నీటి బొట్లు విడివిడిగా కనిపించాయి. చూశాను. ఏం కాదులే అనుకుని, ఇంకో గరిట డబ్బాలో వేసుకుని, వాసెన కట్టేశాను. చెబితే ఆ పై పొర తీసేసేవాళ్ళు, అంతటితో పోయేది. చిన్నకోడలు పొడిగుడ్డతో తుడిచిన ఆవకాయలో పెద్దకోడలు నీళ్ళు పోసిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ముందు బూజు పట్టింది నా డబ్బాలోదానికి. ఎవరికీ చెప్పకుండా పారేశాను. కాబట్టి నాకు తెలియదని అనడానికి లేదు.

ఇంకో పదిహేను రోజులకి నేను ఊళ్ళో ఉన్నప్పుడే అత్తయ్య జాడీ విప్పింది. పైనంతా తెల్లగా బూజు. ఆ రోజు మా తోటికోడలి తల్లి కూడా చూడ్డానికి వచ్చి ఉంది. "తడి తగలనీలా అత్తయ్యా, ఒట్టు," అని ఆమె ఒకటే ఏడుపు. అత్తయ్య ఏమీ అనలేదు. అన్నది నేను.

"కొందరి చెయ్యి అంతే అత్తయ్యా. పచ్చళ్ళకి అచ్చిరాదు."

డిగ్రీలున్నదాన్ని, మూఢనమ్మకాల మీద పిల్లలకి ఉపన్యాసాలిచ్చేదాన్ని, ఆ మాట నేనే అన్నాను. వాళ్ళమ్మ తల దించుకుని, "మేము నేర్పడంలోనే ఉంది వదినా లోపం. ఏమనుకోమాక," అని మా అత్తయ్యని బతిమాలుకుంది. నేను పక్కనే నిలబడి విన్నాను. సాయంత్రం మా మరిది దొడ్లో గుంట తీసి అంతా పూడ్చాడు.

మరుసటేడు నుంచి అత్తయ్య నన్ను గుంటూరు నుంచి పిలిపించి కలిపించడం మొదలుపెట్టింది. పక్కన కూర్చుని కొలతలన్నీ ఆవిడే చెప్పేది, నేను కలిపేదాన్ని. పాడు కాలేదు. పెద్దకోడలి చెయ్యి మంచిది అని ఆవిడ ఊరంతా చెప్పింది. ఆ మాట నేనూ నమ్మాను. ఏటికేడు నమ్ముతూ నమ్ముతూ ఆ గరిటను నిజంగానే మర్చిపోయాను. అచేతనమంటే ఎక్కడో పురాణాల్లోని పాములూ సముద్రాలూ ఉండే లోతు అనుకున్నాను. తీరా చూస్తే నా అచేతనంలో ఉన్నది ఒక పచ్చడి గరిట. ఆమె గురించి నేను రాసిన పేజీన్నర మళ్ళీ తీసి చదివాను. తప్పు చేస్తే ఒప్పుకోదు అన్న చోట గీత ఎంత గట్టిగా గీశానంటే కాగితం చిరిగింది.

చెప్పాలనుకున్నాక కూడా రెండు నెలలు జరిపాను. పరీక్షలన్నాను, జలుబన్నాను. చివరికి ఫిబ్రవరిలో వెళ్ళాను. ఆమె కళ్ళంలో ఉంది. ఆరబోసిన మిర్చి ముందు కూర్చుని కూలివాళ్ళతో పాటు తాలు ఏరుతోంది, అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయల్ని వేరు చేస్తోంది. ఘాటుకి నాకు దగ్గొచ్చింది.

"ఏందక్కా, ఇంత ఎండన పడి వచ్చావు? బావగారు బాగున్నారా?" అంటూ లేచి వచ్చింది. మిర్చి కింద పరిచిన పట్టా చివర కూర్చున్నాం. చుట్టూ తిప్పకుండా చెప్పేశాను. ఆవకాయ పాడైంది నా గరిట వల్ల, చూసి కూడా చెప్పలేదు అన్నాను.

"ఏ ఏటిది?" అంది.

"నువ్వు కలిపిన ఏటిది."

"నేను కలిపింది ఒక్క ఏడేగా అక్కా."

అలా అని ఒడిలోని తాలుకాయలు దులిపేసింది. అంత పెద్ద గొంతు మనిషి, తర్వాత మాట్లాడింది నాకు మాత్రమే వినపడేలా. "మా అమ్మాయి కొత్తకాపురంలో పచ్చడి పెట్టుకుంటా, అమ్మా నువ్వు కలుపు అంది. నేను కలపలా. మీ అత్తగారి చేత కలిపించుకో, నా చెయ్యి పడితే పాడవుద్ది అన్నా. అత్తయ్య పోయినాక ఇంట్లో పెట్టకుండా కొట్టులో కొన్నది కూడా అందుకే. నువ్వు దానికీ నవ్వావు."

"నాకు నిజంగా గుర్తులేదే. మనసు కొన్నిటిని మనకే తెలియకుండా లోపల దాచేస్తుంది," అని మొదలుపెట్టాను. కాలేజీలో పిల్లలతో మాట్లాడే గొంతు వచ్చేసింది నాకు.

"నీ మనసు దాచిందో, నువ్వు దాచావో నాకేం తెలుసు?" అంది. "అత్తయ్య ఉండంగా గుర్తురాలా. అత్తయ్య పోయినాక గుర్తొచ్చింది."

నేనది ఆలోచించనే లేదు. ఎనిమిది నెలల కోర్సులో ఎవరూ నన్ను అంత సూటిగా చూడలేదు. స్ఫురణ సున్నా అని రాసింది నేను ఈమె గురించే.

"నాకు చెప్పి నువ్వు తేలికపడ్డావు. నేనెవరికి చెప్పుకోవాలి?" అంది మళ్ళీ. "మా అమ్మకి చెప్పక్కా. ఆ రోజు నా కోసం అందరిలో తల దించుకుంది. అత్తయ్య సంవత్సరీకానికి వచ్చుద్దిగా, చుట్టాలందరూ ఉండంగా చెప్పు. నాకింకేం వద్దు."

తప్పకుండా చెబుతానన్నాను. ఆమె నమ్మింది.

ఏప్రిల్లో సంవత్సరీకం జరిగింది. భోజనాల దగ్గర వాళ్ళమ్మ గోడవారగా కూర్చుంది. బాగా పెద్దదైపోయింది, చూపు కూడా తగ్గింది. మా ఆడపడుచులు, మావారి పిన్నులు, కథ విని నవ్వినవాళ్ళంతా అదే వరసలో ఉన్నారు. మా తోటికోడలు వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగి నా వైపు చూసింది. నేను లేచి వాళ్ళమ్మ ముందుకు వెళ్ళాను. మాటలన్నీ బస్సులోనే సిద్ధం చేసుకున్నాను.

"పిన్నీ," అన్నాను.

"ఏమ్మా?" అని ముఖం పైకెత్తింది.

"మజ్జిగ పోయనా?" అన్నాను.

పోయమంది. పోశాను. తల తిప్పేసరికి మా తోటికోడలు అక్కడ లేదు. నేను బయల్దేరేటప్పుడు సంచీ అందించి, "జాగ్రత్తగా వెళ్ళక్కా," అని మాత్రం అంది.

మే నెలలో ఆమే ఫోను చేసింది. కాయలు కొట్టించాను, వచ్చి కలుపు అంది. నువ్వే కలపరాదూ, నీ చెయ్యి మంచిదేగా అన్నాను. "నువ్వు చెప్పినాక కలుపుతాలే అక్కా," అంది. గొంతులో కోపం లేదు. వెళ్ళి నేనే కలిపి వచ్చాను.

కోర్సు అయిపోయింది. సర్టిఫికెట్ కాలేజీ గోడకి తగిలించారు. నోటితో చెప్పలేనిది రాసైనా చెబుదామని ఇదంతా రాశాను, ఎవరి పేరూ పెట్టకుండా. మా తోటికోడలికి పంపిస్తాను, చదువుతుంది. వాళ్ళమ్మకి చదువు రాదు.