బొందలగడ్డలో పసుపు బండలు

ఊరి వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఫొటోలో, జేసీబీ చక్రం పక్కన నల్లబండ కనిపించగానే నా చేతిలో అన్నం ముద్ద ఆగిపోయింది. చిన్నోడు నోరు తెరిచి అలాగే ఉన్నాడు. ఆ బండ కింద నా మొదటి బిడ్డ ఉంది. పుట్టిన వారానికే పోయింది. మాలో పోయినవాళ్లను కాల్చరు, బొందలగడ్డలో పూడ్చిపెడతారు. పసిబిడ్డయితే తల్లి వెంట వెళ్లకూడదు. కుక్కలు తోడకుండా మా మామ పెట్టిన ఆ బండ ఒక్కటే నాకు తెలిసిన గుర్తు.

ఫొటో కింద 'మన ఊరికి కొత్త వైకుంఠధామం' అని రాసి ఉంది. శ్మశానానికి సర్కారు పెట్టిన పేరు అది. ప్రహరీ, స్నానాల గదులు, కూర్చోవడానికి బెంచీలు. మా బస్టాండుకు కూడా ఇన్ని లేవు. వాటికోసం, ముందే వైకుంఠానికి పోయినవాళ్లను తవ్వి చదును చేస్తారట.

అక్కడి బండల సంగతేంటని సర్పంచును అడిగాను. "ఫికర్ చెయ్యకు బిడ్డా, రేపటికల్ల పాత రాళ్లన్ని తీసి అద్దం లెక్క చేపిస్త" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే మా అత్తమ్మను తీసుకుని వెళ్లాను. ఏ సమాధి ఎవరిదో ఆమె చెబుతుంటే ఫోన్లో ఫొటో తీసి పేరు రాసుకున్నాను.

"గిది మా అత్త. బతికినన్నాళ్లు గింత నిమ్మళంగ పండుకోలే, నన్ను పండుకోనియ్యలే."

"ఇదెవరిది?"

"మీ పెండ్లిల మటన్ ముక్కలు తక్కువేసిన్రని అలిగిపోయిండు సూడు, గాయన. ఫొటో మంచిగ తియ్యి, మళ్ల అలుగుతడు."

నల్లబండ దగ్గర రాయడానికి పేరు లేదు. పెట్టకముందే పోయింది.

వీటిని కదపొద్దని రాసి ఫొటోలన్నీ గ్రూపులో పెట్టాను. అందరూ దండాలు పెట్టారు, బొటనవేళ్లు చూపించారు. ఒక్కరూ ఇంట్లోంచి కదల్లేదు.

డిగ్రీ చదివినదాన్ని కదా, నాకొక ఆలోచన వచ్చింది. ఇంట్లో ఉన్న పసుపంతా తెచ్చి బండలకు పూసి, బొట్లు పెట్టాను.

"సచ్చినోళ్లకు గీ బొట్లేందే?" అని గొణుగుతూనే అత్తమ్మ పసుపులో నీళ్లు పోసి కలిపింది.

మర్నాడు జేసీబీ డ్రైవర్ దిగి, చెప్పులు విడిచి, దండం పెట్టి వెనక్కి పోయాడు. ప్రహరీని అవతలికి జరిపారు. గెలిచాననుకున్నాను. శుక్రవారానికి అక్కడ కొబ్బరి చిప్పలు కనిపించాయి. పోచమ్మ వెలిసిందన్నారు. నల్లబండకు ఎర్ర గుడ్డ చుట్టారు. పిల్లల్లేని ఒకామె పక్కనున్న రేగు కొమ్మకు చిన్న ఉయ్యాల కట్టి, కడుపు పండాలని మొక్కింది. నేను గ్రూపులో పెట్టిన పేర్లు ఇప్పుడు ఎత్తితే, దేవతను శవమంటావా అని నన్నే తిడతారు.

నిన్న సాయంత్రం మా పెద్దది అంది, "అమ్మా, పొద్దుగాల నల్లబండ దేవతకు మొక్కి బడికి పోతం. లెక్కల పరీక్ష ఉంది."

రాత్రంతా ఆలోచించాను. ఇవాళ పొద్దున దానికి జడ వేస్తూ, తమ్ముణ్ని కూడా దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను.

"ఆమె దేవత కాదు. మీ అక్క. మీ ఇద్దరికన్న చిన్నది, ఇంకా మాటలే రావు. లెక్కలు దానికేం తెలుసు? పోతే పోయి కాసేపు కూసోండ్రి. ఏం అడుగకుండ్రి."