ఆర్గెన్ ఎవడు?

జూరా మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. మా ఊరు అత్‌బాషీ నుంచి బిష్కెక్ పట్నం వెళ్ళి కుట్టుమిషన్ ముందు కూర్చున్న ఏడాదికే జుట్టు కత్తిరించుకుంది. ఆ మరుసటేడు మొగుడు ఎర్మెక్‌కి విడాకులిచ్చింది. వాడు రష్యాలో ఇంకోదాన్ని పెట్టుకున్నాడు, నిజమే, కాదనను. కానీ మా పక్కింటి కలీపా, అంటే ఎర్మెక్ తల్లి, ఒళ్ళో పెట్టుకుని పెంచుతున్న ఆరేళ్ళ మనవణ్ణి తనకిచ్చెయ్యమని ఇప్పుడు కోర్టుకెక్కింది. అంతటితో ఆగిందా? వాడి పేరు జుమాదిల్ తీసేసి ఆర్గెన్ అని మార్చాలట!

జుమాదిల్ కలీపా భర్త పేరు. ఆయన చనిపోయిన నెలలోనే మనవడు పుడితే, ముసలమ్మ పట్టుబట్టి ఆ పేరే పెట్టుకుంది.

"ఆర్గెన్ ఎవడే, తుర్సునాయ్?" అని టీ పోస్తూ నన్నడిగింది కలీపా.

"ఎవడో ఒకడు ఉండే ఉంటాడు. పేర్లు ఊరికే పుట్టుకొస్తాయా?" అన్నాను.

"మా పెద్దాయన పేరు తుడిచేసి, ఆ పట్నం వాడి పేరు తగిలిస్తుందన్నమాట. పిల్లాడు కూడా పోతే ఈ ఇంట్లో నేనెవరి మొహం చూడనే?" అని ఏడ్చింది.

జూరా ఊరొచ్చినప్పుడల్లా మేమిద్దరం కళ్ళలో వత్తులేసుకుని చూసేవాళ్ళం. మిఠాయి తెస్తే ఎందుకు తెచ్చిందా అని. ఫోన్ మోగి వాకిట్లోకి వెళ్తే ఎవడితోనా అని. పైగా పిల్లాణ్ణి ఒక్కసారైనా పేరు పెట్టి పిలవదు. ఊళ్ళో తల్లులందరూ ముద్దుకి అనే మాటే, "నా ఒంటెపిల్లా" అంటుంది. "చూశావా, ఆ పేరంటేనే గిట్టడం లేదు దానికి" అన్నాను కలీపాతో.

విచారణకి నేనూ వెళ్ళాను. ఎర్మెక్ తరఫు లాయరు లేచాడు.

"మీ అబ్బాయి పేరు చెప్పండమ్మా."

జూరా తల దించుకుంది.

"కన్నకొడుకు పేరు చెప్పడానికి ఇంత ఆలోచనా?"

నోరు విప్పదే!

"చూశారుగా మేడమ్, కొడుకు పేరు కూడా రాని తల్లి" అని నవ్వాడు.

జడ్జి నవ్వలేదు. ఆమె కూడా ఒకింటి కోడలే కదా. "మామగారి పేరా?" అని మెల్లగా అడిగింది. జూరా తలూపింది.

మా వైపు కోడలు మామగారి పేరు పలకదు, అది నాకు తెలియదా? కానీ మొగుణ్ణే వదిలేసిన మనిషికి మామ పేరు అడ్డమేమిటి? అంతా నాటకం అనుకున్నాను.

"పోయినేడు పశువుల సంతలో తప్పిపోయాడండీ" అంది జూరా. "ఒంటెపిల్లా, ఒంటెపిల్లా అని గొంతు చించుకున్నాను. సంతలో ఉన్న పిల్లలందరూ తిరిగి చూశారు. వీడొక్కడే కనబడలేదు. అప్పుడు కూడా ఆ పేరు నా నోట రాలేదు. మామయ్య నన్ను కూతురిలా చూసుకున్నారు, ఎలా పలకమంటారు?"

"నేర్పించి తెచ్చారు" అని కలీపా చెవిలో ఊదాను.

జడ్జి ఇటు తిరిగింది. "మీరు చెప్పండమ్మా. మనవణ్ణి ఏమని పిలుస్తారు?"

కలీపా లేచింది. నోరు తెరిచింది, మూసింది. తలకి కట్టుకున్న రుమాలు కొస నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడి పేరాయె, కాపురం చేసినన్నాళ్ళూ ఒక్కనాడు పలికిన మనిషి కాదు.

"బాబూ అంటాను" అంది సన్నగా.

గోడ పక్కనే ఉండి ఇన్నేళ్ళూ నాకీ సంగతి తట్టనే లేదు, నా బుర్రకేమైందో!

జడ్జి పిల్లాణ్ణి తల్లికిచ్చింది. పేరు మార్చాలంటే మాత్రం తండ్రి ఒప్పుకోవాలంది.

బయట వరండాలో వాడు కిటికీ అద్దం మీద ఊపిరి ఊది బొమ్మలు గీస్తున్నాడు. కలీపా లాయరుని ఆపి, "ఎర్మెక్‌తో నేను మాట్లాడతాను, ఒప్పుకుంటాడు" అంది. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"ఆర్గెన్ ఎవడే?"

"ఎవడూ కాడత్తయ్యా. మీ వైపూ మా వైపూ ఎవరికీ లేని పేరు. వెతికి వెతికి పట్టుకున్నాను, మీరు కూడా నోరారా పిలుచుకోవచ్చని."

నేను జూరా మొహంలోకి గుచ్చి గుచ్చి చూశాను, దొంగబుద్ధి ఏమైనా దొరుకుతుందేమోనని. ఏమీ దొరకలేదు.

కలీపా కిటికీ వైపు తిరిగి, "ఆర్గెన్!" అని పిలిచింది.

వాడు తిరగలేదు. కొత్త కదా. ముసలమ్మ కళ్ళు తుడుచుకుని, ఇంకాస్త గట్టిగా పిలిచింది.