అల్లినోడే విప్పాల

ఆ పొద్దు చౌడేపల్లె పాలకేంద్రం ముందు సున్నంతో గీసిన గుండ్రాల్లో క్యాన్లు పట్టుకుని నిలబడి ఉన్నాం. నా వెనక గుండ్రంలో ప్రసన్నలక్ష్మి. ఆమె వెనక మల్లప్ప, పది ఆవుల ఆసామి, మాస్కు గడ్డానికి వేలాడేసుకుని.

"కరోనా పంతులమ్మా, రోంత దూరం జరుగు. మాకు పిల్లాజెల్లా ఉండారు," అన్నాడు నలుగురూ వినేటట్టు.

ప్రసన్నలక్ష్మి క్యాను కింద పెట్టింది.

"నా కోలాటం కోల మూడడుగులప్పా. మూడడుగుల కాడికే తగులుతాది. నీ నాలిక పొడుగెంత? నువ్వు ఇంట్లో కూర్చున్నా ఊరి కడా కొంపదాకా తగులుతాండాదే!"

"నోరు అదుపులో పెట్టుకో."

"పెట్టుకున్యా, సూడు, రెండు పొరల గుడ్డ కట్టి. నీ గుడ్డ గడ్డం మీద ఉండాది. కరోనా గడ్డంలోంచి దూరుతాదని ఎవురు చెప్పినారప్పా నీకు?"

పాలు కొలిచే ఆయన నవ్వాపుకోలేక లీటరు పాలు తన కాళ్ల మీదే పోసుకున్నాడు. మల్లప్ప మాస్కు పైకి లాక్కుని, పాలు పోయకుండానే వెనుదిరిగాడు. నిండు క్యాను మోసుకుంటూ ఆ పెద్దమనిషి ఇంటికి పోతుంటే నా కడుపు చల్లబడింది.

గెలిచింది, సరే. గెలిచి ఏం లాభం? కళ్లంలో చింతకొమ్మకు ఆమె కట్టిన పన్నెండు తాళ్లు గాలికి ఊగుతూనే ఉన్నాయి. పట్టుకునే పిల్లలు లేరు.

ప్రసన్నలక్ష్మిది కుప్పం. తండ్రి గ్రానైటు క్వారీలో రాళ్లు కొట్టేవాడు, తల్లి కోలాటం నేర్పేది. కోలాటంలో ఒక్కో ఆట వరసను కోపు అంటారు. తెలియనివాళ్లు కోపం అనుకుంటారు. ఈమె విషయంలో రెండూ సరిపోతాయి. పుంగనూరులో ఆటో తోలే మొగుడితో మా ఊరికి కాపురానికి వచ్చింది. పగలంతా రవికెలు కుడుతుంది, పొద్దు వాలితే మా ఆడపిల్లలకు కోపులు నేర్పుతుంది.

ఆమెకు పేరు తెచ్చింది జడకోపు. పైనుంచి వేలాడే తాళ్లను పిల్లలు తలా ఒకటి పట్టుకుని, ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతూ ఆడతారు. తాళ్లు జడగా అల్లుకుంటాయి. అల్లడం ఎవరైనా అల్లుతారు. విప్పడంలోనే ఉంది విద్య. ఏ అడుగుతో అల్లారో ఆ అడుగుతోనే వెనక్కి రావాలి, కడపటి అడుగు ముందు, మొదటి అడుగు కడాకు. ఒక్క అడుగు తప్పినా ముడి పడుతుంది.

కరోనా వచ్చిన ఏడాదంతా పిల్లలు ఫోన్లకు అతుక్కుపోయి, మాటలు మరిచిపోయారు. మరుసటి ఫిబ్రవరిలో ఈమె వాళ్లను మళ్లీ కళ్లానికి పిలిచింది. ఊరికే పిలవలేదు. అడుగున్నర ఉండే కోలలు మానిపించి, వెదురుతో మూడడుగులవి కోయించింది, కోలకు కోల తగలాలి గానీ మనిషికి మనిషి తగలకూడదని. నేల మీద ముగ్గుపిండితో ఒక్కొక్కరికీ చోటు గీసింది. దగ్గిన పిల్లను ఆ పొద్దే ఇంటికి పంపేది. మా మనవరాలు కూడా పోయేది. రెండు నెలల్లో ఒక్క పిల్లకూ ఒళ్లు వెచ్చబడలేదు.

ఏప్రిల్లో మల్లప్ప తన చిన్నకొడుకు నిశ్చితార్థం మదనపల్లెలో చేశాడు. మూడు వందల మంది, ఒకటే హాలు, మూతికి గుడ్డ కట్టినవాడు లేడు. నాలుగో రోజుకు ఇల్లంతా దగ్గు. ఆయన మనవరాలు చైత్రకూ జ్వరం. ఆ పిల్ల కూడా కోలాటం పిల్లే. ఇంకేం, దొరికింది సాకు. దగ్గుకుంటూనే పదకొండు గడపలు తిరిగాడు, "కోలాటంలోనే అంటింది" అని. అంతటితో ఊరుకున్నాడా? కళ్లం పక్క కొట్టంలో ప్రసన్నలక్ష్మి దాచిన కోలలన్నీ తెప్పించి తన నీళ్లపొయ్యిలో వేయించాడు. ఆ వేన్నీళ్లు పోసుకున్న ఒళ్లు ఇంకా కుళ్లలేదేమిటో.

ప్రసన్నలక్ష్మి ఏడవలేదు. "ఎదురుకట్టె కాల్తే పేల్తాదక్కా. వీధిలోకి ఇనపడింది. ఆ సప్పుడు నా చెవిలోనే ఉండాది," అంది. అంతే.

పాలకేంద్రం కాడ ఆ గొడవ అయినాక, ఆగస్టులో బడులు తెరిచారు. ఆమె మళ్లీ పిలిచింది. ఇద్దరే వచ్చారు. నెల చూసింది, ఆ ఇద్దరూ మానుకున్నారు. ఇక తాళ్లు విప్పేసి, కుట్టుమిషనే నమ్ముకుందామనుకుంది. సరిగ్గా అప్పుడు, నేను రవికె కోసం వాళ్లింట్లో కూర్చుని ఉండగా, మల్లప్ప వచ్చాడు. ఈసారి మాస్కు ముక్కు మీదే ఉంది.

"అమ్మా, మా చైత్ర తిండి తినడంల్యా. గది తలుపేసుకోని రెండు గరిటెలతో గుమ్మాన్ని కొడతాంది. కోలాటం, కోలాటం అని ఒకటే పాట. పిల్లను చేర్చుకో."

ఆమె మిషను ఆపలేదు. "పిల్ల మీద నాకేం కసి? ఇప్పుడే పంపించు. కానీ ఒక్క పిల్ల ఎవురి కోలకు కోల కొడతాదప్పా? నీ మీసానికా? తక్కినోళ్లను చెదరగొట్టింది నువ్వే గదా."

"ఊళ్లో మైకులో చెప్పిస్తాలే. ఫోన్ల గ్రూపులో కూడా పెడతా."

మిషను ఆగింది.

"మైకులో చెప్పినావా అప్పుడు? కాళ్లతో పోయి అల్లినావు, కాళ్లతోనే విప్పాల. కడా గడప ముందు, మొదులు గడప కడాకు. నువ్వు కాల్చిన కోలలు నీ చేత్తో కోసి, కట్ట కట్టి, నీ భుజాన మోసుకోని పో. గడపకు రెండు కోలలు పెట్టి చెప్పు: కరోనా కోలాటంలో రాలేదు, మా ఇంటి నిశ్చితార్థంలో వచ్చింది, నేను అబద్ధం చెప్పినా, అని."

"నేనా? భుజాన కట్టె మోసుకోనా?"

"నీళ్లపొయ్యికి మోయించినప్పుడు బరువనిపించలేదే!"

మల్లప్ప గడప వైపు తిరిగాడు. "యా గడప నుంచి మొదులుపెట్టినానో జ్ఞాపకం ల్యా," అని గొణిగాడు.

"నాకుండాది," అంది ప్రసన్నలక్ష్మి.

నేను రవికె మడతపెట్టుకుంటూ తల తిప్పుకున్నాను. మొదట ఆయన వచ్చింది మా గడపకే. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. ఆ సాయంత్రమే మా మనవరాలిని మానిపించాను. ఊళ్లో మొదట మానిపించింది నేనే. ఆ సంగతి ఆమెకు తెలుసని నాకు తెలియదు.

మూడో రోజు పొద్దున మల్లప్ప వెదురు కట్ట భుజానేసుకుని వీధిలోకి వచ్చాడు. ఊరంతా అరుగుల మీదే ఉంది. ఆ వంగిన భుజం చూసి నేను నవ్వబోయాను. అప్పుడే ప్రసన్నలక్ష్మి నా పక్కకు వచ్చి నిలబడింది.

"అంజక్కా, నువ్వు ఆయప్ప ఎనకాలే నడువు. ఒక్క గడప తప్పినా, ఒక్క మాట మింగినా ఆడికాడే ఆపు. కడాకు మీ గడప వస్తాది. ఆడ మాత్రం ఎనకాల నిలబడొద్దు. ముందుగా ఇంట్లోకి పోయి, తలుపు బార్లా తీసి, మీ మనవరాలిని పక్కన పెట్టుకోని ఎదురుగా నిలబడి ఇను."