సున్నానా, సున్నమా

మా బావది గోడలకు సున్నం వేసే పని. ముప్పయ్యేళ్లుగా అదే. కనురెప్పల మీద కూడా తెల్లచుక్కలుండేవి. సున్నం బావ అంటే వీధిలో ఎవరైనా ఇల్లు చూపించేవారు. నోరు తెరిస్తే వేళాకోళమే.

నేను స్కాన్ మెషీన్ నడుపుతాను. లోపల పడుకున్నవాళ్లకు "ఊపిరి బిగపట్టండి... ఇక వదలండి" అని చెప్పే గొంతు నాదే, రికార్డు చేసి పెట్టారు. మా సెంటర్ వెనక వరండాకు సున్నం వేయడానికి వచ్చినప్పటి నుంచీ బావకు అదొక ఆట. బిగపట్టమనగానే తలుపు అవతల కుంచె ఆపేసేవాడు, వదలమంటే మళ్లీ సర్రున గీసేవాడు.

"నీ మాట జవదాటితే మీ అక్క ఊరుకుంటుందా మరదలా!"

నిచ్చెన ఎక్కితే ఆయాసమొస్తోందని అక్క పోరుపెడితే, ఒక సాయంత్రం అతణ్నీ మెషీన్‌లో పడుకోబెట్టాను. "సున్నా వస్తే బెంగ లేదక్కా" అని ముందే చెప్పాను. తెర మీద గుండె రక్తనాళాల పొడవునా తెల్లచుక్కలు. కనురెప్పల మీదివే లోపలికి దిగినట్టున్నాయి. అదంతా పేరుకుని గట్టిపడ్డ కాల్షియం, మా ఇంటి భాషలో సున్నమే. సున్నా ఉండాల్సిన లెక్క తొమ్మిదివందలు దాటింది.

చెప్పాల్సింది డాక్టరు, మర్నాడు. నా నోరు ఊరుకుంటేగా! ఫోన్ చేశాను.

"అక్కా, బావ గుండెలో సున్నం వచ్చిందే."

అవతల మిక్సీ మోత. "సరే సరే, ఆయనకు చెప్తాలే," అని పెట్టేసింది. అక్కది గట్టి గుండె, ఆమే డాక్టరు దగ్గరికి లాక్కెళుతుందిలే అనుకున్నాను.

మర్నాడు పదింటికి మెషీన్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు. తలుపు అవతల కుంచె చప్పుడు. నాకు ఒళ్లు మండింది. ఈ మనిషికి బుద్ధుందా, పనికెలా వచ్చాడు? ఈ స్కాన్ కాగానే బావను చెడామడా తిట్టాలనుకున్నాను.

"ఊపిరి బిగపట్టండి," అంది నా గొంతు. కుంచె ఆగింది.

"ఇక వదలండి." పెద్దాయన వదిలాడు. కుంచె కదల్లేదు.

"చాలించు బావా నీ వేషాలు!" అని అరిచి తలుపు తీశాను.

గోడ మీద తడి గీత ఒకటి పైనుంచి కిందిదాకా జారి ఉంది. నిచ్చెన మొదట్లో బావ కూర్చుని ఉన్నాడు, ఏదో హాస్యమాడబోతున్నట్టు నోరు కొద్దిగా తెరిచి. డాక్టర్లు పరిగెత్తుకొచ్చి గుండె నొక్కారు. లాభం లేకపోయింది.

అక్క వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "సున్నా అన్నావు కదే! చెప్తే ఎంత సంబరపడ్డారో. ఈల వేసుకుంటూ పనికెళ్లారే..."

సున్నం అన్నానక్కా అనబోయాను. ఈలోగా లోపల ఇంకెవరో మెషీన్ నడుపుతున్నారు కాబోలు, "ఊపిరి బిగపట్టండి" అని నా గొంతే వినిపించింది.

అక్క ఏడుపు ఆపి ఆ తలుపు వంక చూసింది.

"వదలమని చెప్పవే ఆయనకి," అంది.